అమ్మ మెట్టెలు నల్లబడ్డాయి

ఇప్పుడు రాత్రి పదిన్నర. అమ్మ పక్క గదిలో నిద్రపోయింది, నాకు నిద్ర పట్టట్లేదు, చేతులు ఇంకా గంధకం వాసన వస్తున్నాయి. రేపు ఆఫీసు మొదలైతే సగం మర్చిపోతాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

అమ్మ టోక్యో వచ్చి మూడు వారాలైంది. వరికోతలని నాన్న రాలేదు. కార్తీక మాసంలో ఇక్కడికి వచ్చినందుకు అమ్మకి మొదటి రోజు నుంచీ ఒకటే బెంగ, ప్రతి ఏడూ తెల్లవారుజామున గోదావరికి వెళ్ళి స్నానం చేసి దీపం వదిలే మనిషి, ఇక్కడ మా ఫ్లాట్‌లో బాత్‌రూమ్ షవర్ కింద నిలబడి "ఇది స్నానమేంటే, మొక్కలకి నీళ్ళు చల్లినట్టుంది" అంటుంది. పైకి నవ్వుతూనే అంటుంది గానీ ఆ బాధ నిజం. అందుకే శని, ఆదివారాలు కుసత్సు అనే కొండ మీది వేడినీటి బుగ్గల ఊళ్ళో ఒక రియోకాన్ బుక్ చేశాను. రియోకాన్ అంటే పాతకాలం జపనీస్ సత్రం లాంటిది, గదికి తాళం ఇచ్చి వదిలేసే హోటల్ కాదు, రాత్రి భోజనం, పొద్దున టిఫిను, వేడినీటి బుగ్గ స్నానం అన్నీ కలిపే ఉంటాయి. ఒక్కొక్కరికి 20 వేల యెన్‌లు దాటింది. అమ్మకి ఆ లెక్క చెప్పలేదు.

ఉయెనోలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రెండున్నర గంటల తర్వాత నగనోహరా కుసత్సుగుచిలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో అరగంట కొండెక్కాలి. కుసత్సు దాదాపు 1200 మీటర్ల ఎత్తులో ఉంది. బస్సు దిగగానే చలి మొహానికి కొట్టింది, వెంటనే ఆ వాసన. దీన్ని అందరూ ఉడికిన కోడిగుడ్డు వాసన అంటారు. అమ్మ ఒక్కసారి గాలి పీల్చి "దీపావళి మర్నాడు పొద్దున మన వీధి వాసన" అంది. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు, అదీ గంధకమే, ఇదీ గంధకమే.

ఊరి నడిమధ్యలో యుబతాకే ఉంది, అంటే వేడినీళ్ళ పొలం. నేల లోంచి పొగలు కక్కుతూ ఊరే నీళ్ళని వరసగా పెట్టిన పొడవాటి చెక్క కాలవల్లోకి వదుల్తారు, 50 డిగ్రీలు దాటిన నీరు వాటిలో పారి పారి కాస్త చల్లబడుతుంది, కాలవల అడుగున గంధకం పసుపుపచ్చగా పేరుకుంటుంది. ఒక్క ఈ చోటే నిమిషానికి సుమారు 4000 లీటర్లు ఊరుతుందట, ఊళ్ళో బుగ్గలన్నీ కలిపితే 32 వేల లీటర్ల పైనే. అమ్మ ఆ కంచె పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది, చిన్నప్పుడు భద్రాచలం దగ్గర గుండాలకి వెళ్ళేవాళ్ళమని, అక్కడ గోదావరి ఇసుకలో చేత్తో గుంట తవ్వితే వేడినీళ్ళు ఊరేవని, పిల్లలందరూ ఎవరి గుంట ముందు నిండుతుందా అని పోటీ పడేవాళ్ళని. నాకీ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. భద్రాచలం ఎన్నిసార్లు వెళ్ళానో, గుండాల పేరు కూడా వినలేదు నేను.

నీళ్ళు మరీ వేడిగా ఉంటాయి కదా, అలాగని చన్నీళ్ళు కలిపితే బుగ్గ నీటి సారం పలచబడిపోతుందని ఇక్కడివాళ్ళు కలపరు. ఆరడుగుల చెక్క పలకలు నీళ్ళలో ముంచి, అందరూ ఒకే లయలో పాడుకుంటూ తిరగేస్తారు. దీన్ని యుమొమి అంటారు. ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్నారు గానీ పుట్టింది మాత్రం అవసరంలోంచే. గానుగ దగ్గర బెల్లం పాకం తిప్పే తెడ్డు గుర్తొచ్చింది అమ్మకి.

రియోకాన్‌లో గుమ్మం దగ్గరే చెప్పులు విప్పించి లోపలికి తీసుకెళ్ళారు. గదిలో తతామి చాపలు. అమ్మ కూర్చుని అరచేత్తో నిమిరి "తుంగ చాప" అంది. నిజంగానే అది కూడా తుంగలాంటి గడ్డితో నేసిందే, ఇంకా పచ్చి వాసన పోలేదు. మూడు వారాలుగా మా సోఫా మీద అంచున కూర్చుంటున్న అమ్మ ఆ చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగానే మనిషే మారిపోయింది, ఈ దేశానికి వచ్చాక మొదటిసారి ఒళ్ళు వదులు చేసుకుని కూర్చున్నట్టు అనిపించింది నాకు. బల్ల మీద టీ, చెరో మంజూ పెట్టి ఉన్నాయి. మంజూ అంటే గోధుమరంగు మెత్తటి ఉండ, లోపల అలసంద జాతి ఎర్రగింజల పూర్ణం. ఖాళీ కడుపుతో వేడినీళ్ళలో దిగితే కళ్ళు తిరుగుతాయని ముందుగా ఈ తీపి తినమంటారు.

మాకు టీ పోసిన పెద్దావిడ యుకాత, అంటే అక్కడ వేసుకోవడానికి ఇచ్చే పల్చటి నూలు అంగీ, కట్టుకోవడం చూపించింది. కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి రావాలి. తిరగేసి కడితే శవానికి కట్టినట్టట. నేను తెలుగులో చెప్పగానే అమ్మ ఉలిక్కిపడి నాది, తనది రెండుసార్లు సరిచూసింది, ఆ తర్వాత రాత్రంతా నడవాలో ఎవరు ఎదురొచ్చినా ముందు వాళ్ళ అంచు ఎటుందో చూసింది. ఆ పెద్దావిడే అమ్మ కాళ్ళు చూసి, వెండి ఉంటే తీసెయ్యండి, ఈ నీళ్ళలో నల్లబడిపోతుంది అని జాగ్రత్త చెప్పింది. మెడలో బంగారం కూడా తీస్తే మంచిదంది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పుస్తెల తాడుని పైకి లాగి మెడ దగ్గర ముడేసుకుంటానంది. "మెట్టెలు మాత్రం తియ్యను, నల్లబడితే నల్లబడనీ" అంది. ఆవిడకి ఏం చెప్పాలో తెలియక, పెళ్ళయిన గుర్తు అని చెప్పాను. ఆవిడ ఇంకేం అడగలేదు, తల వంచి వెళ్ళిపోయింది.

ఇక స్నానం. వారం రోజులుగా నాకు దీని గురించే టెన్షన్. ఆన్సెన్‌లో, అంటే ఈ వేడినీటి బుగ్గ స్నానాల్లో, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు, ఆడవాళ్ళకి వేరే, మగవాళ్ళకి వేరే ఉంటాయి నిజమే గానీ తెలియని ఆడవాళ్ళ మధ్య అమ్మ, నేను. నేను జపాన్ వచ్చి ఆరేళ్ళయినా ఒక్కసారి కూడా వెళ్ళలేదు, ఆఫీసులో పిలిచిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. బట్టలు మార్చుకునే గదిలో నేను తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటే అమ్మ అప్పటికే యుకాత మడతపెట్టి బుట్టలో పెట్టేసింది. నా మొహం చూసి, "మన బజార్లో ఎంతమంది బాలింతలకి నీళ్ళు పోశానే నేను, ఒళ్ళు చూసి సిగ్గుపడే రోజులు నాకెప్పుడో పోయాయి. పద" అంది. అంతే. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. లోపల ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, ఆపరేషన్ గాట్లు ఉన్నవాళ్ళు, ఎవరి లోకంలో వాళ్ళు ఉన్నారు, మా వైపు ఎవరూ చూడలేదు.

నీళ్ళలో దిగే ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా రుద్దుకుని, నురగంతా పోయేదాకా కడుక్కోవాలి. మురికి వదిలించుకోవడానికి కాదు ఆ తొట్టి, శుభ్రమైన ఒంటితో ఊరికే కూర్చోవడానికి. అమ్మకి ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది, "కోనేట్లో దిగే ముందు కాళ్ళు కడుక్కోమా" అంది. నన్ను తిరగమని నా వీపు రుద్దింది. ముప్పై నాలుగేళ్ళు నాకు. చివరిసారి అమ్మ నా వీపు రుద్దింది ఏ పండక్కి తలంటినప్పుడో, హైస్కూల్లో ఉన్నానేమో. గట్టిగానే రుద్దింది, అప్పటిలాగే. తర్వాత నేను అమ్మ వీపు రుద్దాను. భుజం ఎముకలు చేతికి తగిలాయి. ఇంత సన్నబడిందని చీరలో తెలియలేదు.

తొట్టి దగ్గర మోచెయ్యి ముంచి చూసి "చంటిపిల్లకైతే చన్నీళ్ళు కలపాల్సిందే, మనకి ఫర్వాలేదు" అంది. ఈ నీళ్ళు ఆమ్లం, పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, నిమ్మరసం అంత. అమ్మ మడమల పగుళ్ళలోకి వెళ్ళి చురుక్కుమంది, "అబ్బా" అని కళ్ళు మూసుకుంది గానీ బయటికి రాలేదు. రెండు మూడు నిమిషాలుండి లేవాలి, గట్టు మీద కూర్చోవాలి, మళ్ళీ దిగాలి. కుసత్సులో నిమిషాలు లెక్కపెట్టుకుని దిగే పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. మూడోసారి దిగాక అమ్మ తల గట్టుకి ఆనించి, ఎవరికో చెప్తున్నట్టు "మోకాళ్ళు నావి కావేమో అన్నట్టున్నాయి" అంది.

మీజీ చక్రవర్తి కాలంలో, అంటే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, టోక్యోలో వైద్యం నేర్పడానికి వచ్చిన ఎర్విన్ బేల్జ్ అనే జర్మన్ డాక్టర్ ఈ నీళ్ళ గురించి లోకానికి చాటాడని, చర్మరోగాలున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళని అమ్మకి చెప్పాను. "పెద్దరోగం వాళ్ళు కూడానా?" అంది. వాళ్ళూ వచ్చేవారు. కుష్ఠు ఉన్నవాళ్ళకి ఇక్కడే వేరే పల్లె ఉండేది, తర్వాత 1932లో ప్రభుత్వం శానిటోరియం కట్టింది, వాళ్ళని విడిగా ఉంచాలనే చట్టాన్ని 1996లో గానీ ఎత్తెయ్యలేదు. 1996 అంటే నేను పుట్టాక. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

భోజనం గురించి రియోకాన్ వాళ్ళకి వారం ముందే రాశాను, కార్తీకం కాబట్టి మాంసం, చేప, గుడ్డు వద్దని, ముఖ్యంగా ఎండుచేప తురుము వేసి కాచే రసం వద్దని. ఇక్కడ కూరగాయల కూరలో కూడా ఆ రసమే ఉంటుంది, అడక్కపోతే తెలీదు. వాళ్ళు సముద్రపు పాచి, ఎండు పుట్టగొడుగులు నానబెట్టి రసం తీసి అంతా విడిగా చేసిపెట్టారు. చిన్న చిన్న గిన్నెలు పదకొండు వచ్చాయి, లెక్కపెట్టాను. మాయితాకే పుట్టగొడుగు బజ్జీ అమ్మకి బాగా నచ్చింది. బూడిదరంగులో జిగురుగా ఉండే కొన్యాకు ముక్కని మాత్రం అనుమానంగా చూసింది. అది మన కంద జాతి దుంపే, జపాన్‌లో పండేదాంట్లో 90 శాతానికి పైగా ఈ గున్మా ప్రాంతానిదే, దుంప పిండిలో సున్నం నీళ్ళు కలిపి గట్టిపరుస్తారు అన్నాను. "కందని అందరూ ఏదో ఒకటి చేసి లొంగదీస్తారన్నమాట, మనం చింతపండు, వీళ్ళు సున్నం" అంది. సున్నం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెప్పాను, ఈ ఊరి ఆమ్లం నీళ్ళు కలిసి కింది నదిలో చేపలు బతికేవి కావని, 1964 నుంచి రోజూ వాగులో సున్నం పాలు కలిపి ఆ పులుపు విరిచేస్తున్నారని, ఇప్పటికీ ఒక్కరోజు కూడా ఆపడానికి లేదని.

మేం తిని వచ్చేసరికి గదిలో పక్కలు వేసి ఉన్నాయి. తన పక్క ఇంకొకరు వేశారని అమ్మకి ఎంత ఇబ్బందో, పొద్దున వాళ్ళు వచ్చేలోపే మొత్తం మడిచి మూలన పెట్టేసింది.

ఇవాళ పొద్దున అయిదింటికి అమ్మే నన్ను లేపింది. రాత్రికి రాత్రి ఆడవాళ్ళ తెర, మగవాళ్ళ తెర అటూ ఇటూ మార్చేస్తారు, అందుకని పొద్దున ఆరుబయట బండరాళ్ళ మధ్య ఉన్న బుగ్గ ఆడవాళ్ళకి వచ్చింది. ఇంకా చీకటి, చుక్కలున్నాయి, గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టింది. మేమిద్దరమే. కార్తీక స్నానమంటే తల మునగాలి, ఇక్కడ తల ముంచకూడదు, జుట్టు కూడా నీళ్ళకి తగలకూడదు. అమ్మ ఏం చేస్తుందా అని చూస్తున్నాను. ముందు కడుక్కునే చోటికి వెళ్ళి, చెక్క బొక్కెనతో మామూలు నీళ్ళు మూడుసార్లు తల మీద పోసుకుని, జుట్టు పిండి ముడేసుకుని, అప్పుడొచ్చి భుజాల దాకా దిగింది. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నదుల పేర్లు చెప్పుకుని వదిలింది. గోదావరి దగ్గర గొంతు కొంచెం ఆగింది. నేను కూడా దోసిలి పట్టాను, శ్లోకం సగమే వచ్చు నాకు, మిగతా సగం అమ్మ చెప్తుంటే అన్నాను. తెల్లవారేదాకా దిగుతూ లేస్తూ అక్కడే ఉన్నాం. పది గంటలకి ఖాళీ చేసేటప్పుడు, నిన్న యుకాత కట్టడం చూపించిన పెద్దావిడ బస్సు మలుపు తిరిగేదాకా గుమ్మంలో వంగే ఉంది, అమ్మ కిటికీలోంచి రెండు చేతులూ జోడించింది.

మెట్టెలు నిజంగానే నల్లబడ్డాయి, ఇనపవాటిలా. ఇంటికి రాగానే అమ్మ నేల మీద కూర్చుని, ఊరి నుంచి తెచ్చుకున్న విబూది పొట్లం విప్పి, పాత చీర ముక్కతో గంటసేపు తోమింది. పైన తెల్లబడ్డాయి, గీతల్లో నలుపు పోలేదు. వీడియో కాల్‌లో నాన్నకి కాలు ఎత్తి చూపించింది, ఆయన నవ్వాడు. విబూది మొత్తం అయిపోయింది, రేపు కార్తీక సోమవారం, ఆఫీసుకి వెళ్ళేలోపు కుదరదు గానీ సాయంత్రం పూజ వేళకన్నా నిషి కసాయిలో మనవాళ్ళ కొట్టుకెళ్ళి ఇంకో పొట్లం తేవాలి.