ఆ ఎగుడుదిగుడు నక్షత్రానిదేనా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నా వంతుకు వచ్చింది ఒక గోళాకార తారాగుచ్ఛంలోని (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపు) ఆర్‌ఆర్ లైరే రకం చరనక్షత్రం, అంటే వెలుగు మారుతూ ఉండే నక్షత్రం. సుమారు సగం రోజుకోసారి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. మామూలు కాంతిలో ఇలాంటివి సుమారు ఒక మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగును కొలిచే మెట్టు) మారితే, దూర అతినీలలోహితంలో ఆ మార్పు చాలా ఎక్కువ. ఉపరితలం వేడి ఒకటి రెండు వేల డిగ్రీలు పెరిగితే చాలు, ఆ పొట్టి తరంగాల దగ్గర వెలుగు అమాంతం ఎగబాకుతుంది. నాకు ఈ నక్షత్రాలంటే పిచ్చి పట్టింది అక్కడే.

ఆ కిరణాలను మన వాతావరణం కిందికి రానివ్వదు. అందుకే మన దేశపు అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్‌లోని యూవిట్ అనే అతినీలలోహిత టెలిస్కోపు డేటా తీసుకున్నాను. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి దాన్ని మోసుకెళ్లే రాకెట్ లేస్తుంటే సూళ్లూరుపేటలో మా బడి ఆవరణలో నిలబడి చూశాను. అప్పుడు నాది ఎనిమిదో తరగతి.

యూవిట్ ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) ఎక్కడ, ఎప్పుడు తగిలిందో రాసిపెడుతుంది. ఆ పట్టికను కర్విట్ అనే పైథాన్ ప్యాకేజీకిచ్చి, పది సెకన్లకో చుక్క చొప్పున వెలుగు మార్పుల గ్రాఫు గీశాను. చివర్లో వెలుగు చక్కగా పైకి లేచింది! పరుగున వెళ్లి మా ప్రాజెక్టు గైడ్ మేడంకి చూపించాను.

ఆవిడ అడిగింది ఒకటే మాట: "పక్క నక్షత్రాలవి కూడా గీశావా?"

గీశాను. మారని నక్షత్రాలు కూడా అదే నిమిషంలో, అలాగే లేచాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఉపగ్రహం భూమిని దాదాపు 98 నిమిషాలకోసారి చుడుతుంది, యూవిట్ చూసేది రాత్రి వైపున్నప్పుడే. పగటి అంచు దగ్గరపడేకొద్దీ పై వాతావరణంలోని ఆక్సిజన్ 130.4 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది. నేను వాడిన కాల్షియం ఫ్లోరైడ్ ఫిల్టర్ దాన్ని ఆపదు. ఇలా వచ్చి కలిసే నేపథ్యపు వెలుగును తీసెయ్యకుండానే నేను లెక్క వేసేశాను.

దాన్ని తీసేసి, స్థిరంగా ఉన్న నాలుగు నక్షత్రాలతో పోల్చి, మళ్లీ మొదలుపెట్టాను. వేర్వేరు నెలల డేటాను కలపాలంటే భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల కాంతి రాకలో వచ్చే తేడా కూడా సరిచేయాలి. అది అటూ ఇటూ ఎనిమిది నిమిషాల దాకా ఉంటుంది. వెలుగు తగ్గే దశలో నక్షత్రం మరీ మసకబారి, పది సెకన్లకు మూడు, ఒకటి, సున్నా ఫోటాన్లే వచ్చాయి. చుక్కకు నిమిషం చేశాక ఆకారం తేలింది.

పీరియడ్ (ఒక ఉబ్బు నుంచి మరో ఉబ్బుకు పట్టే సమయం) ప్రకారం అన్నీ ఒకదానిపై ఒకటి మడిచి చూస్తే, ఒక కక్ష్యలో నిటారైన ఎక్కుడు దొరికింది. ఈసారి పక్క నక్షత్రాలు కదల్లేదు. శిఖరం మాత్రం చిక్కలేదు. అది వచ్చిన ప్రతిసారీ ఉపగ్రహం పగటి వైపే ఉంది.