తాబేలు రాయి మీద ఆరో పల్టీ

ఈ ఆదివారం హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో నా ఆర్‌సీ క్రాలర్, అంటే రిమోట్‌తో రాళ్ళెక్కించే బొమ్మ బండి, ఆరుసార్లు పల్టీ కొట్టింది. ఆరుసార్లూ ఒకే రాయి మీద, కుడివైపుకే. మేం తాబేలు రాయి అని పిలుచుకునే ఆ బండ మీటరున్నర పొడవుంటుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే వాలు 40 డిగ్రీలు. థ్రాటిల్ వదిలేస్తే నాలుగు చక్రాలూ బుద్ధిగా రాయిని పట్టుకుని ఉంటాయి. నొక్కితే ముందు ఎడమ చక్రం మెల్లగా గాల్లోకి లేస్తుంది, బాడీ కుడికి ఒరుగుతుంది, ఇక ఆగదు.

ఇది టార్క్ ట్విస్ట్ అని, అంటే చక్రాలను తిప్పే షాఫ్టుల బలానికి బాడీయే మెలితిరగడమని, మొదటి రోజే తెలుసు. తెలిసీ మూడు వారాలు పోగొట్టుకున్నాను.

ఫ్రేమ్ 313 ఎంఎం వీల్‌బేస్‌ది (ముందు వెనక చక్రాల మధ్య దూరం), యాక్సిల్స్ యాక్సియల్ కంపెనీ క్రాలర్ ఎస్‌సీఎక్స్10 టూ కొలతల స్ట్రెయిట్ యాక్సిల్స్, అంటే చక్రాల దగ్గర వేరే గేర్లు లేని మామూలువి. ఈ కొలతలకి విడిభాగాలు ఎవరు పడితే వాళ్ళు చేస్తారు, ఇన్‌జోరా లాంటి వాళ్ళ దగ్గర లింకుల నుంచి నకుల్స్ దాకా దొరుకుతాయి. ట్రాక్సస్ వాళ్ళ క్రాలర్ టీఆర్ఎక్స్-4 నాకూ ఇష్టమే, 2017లో వచ్చినప్పుడే పోర్టల్ యాక్సిల్స్‌తో (ప్రతి చక్రం దగ్గరా ఇంకో జత గేర్లుండేవి) వచ్చింది. కానీ దాని సామాను చాలావరకు దానికే సరిపోతుంది, పైగా ఇక్కడికి తెప్పించాలంటే కస్టమ్స్ దెబ్బ. డబ్బు మిగిలిందని సంబరపడ్డాను.

మోటార్ వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ క్విక్‌రన్ 1080. దాని గురించి రాయడానికేం లేదు, పని చేస్తోంది. 25 కేజీలని రాసి అమ్మిన స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను పక్కకి తిప్పే చిన్న మోటార్) మాత్రం రెండు రాళ్ళ మధ్య టైర్ ఇరుక్కుంటే 15 కేజీలదిలా మూలుగుతుంది. ఆ గొడవ తర్వాత.

ముందు బరువు మీద అనుమానపడ్డాను. అమ్మ వంటింటి త్రాసు మీద ఒక్కో చక్రం పెట్టి, మిగతా మూడింటి కింద అదే ఎత్తుకి పాత పుస్తకాలు సర్ది తూచాను. ముందు ఎడమ 745 గ్రాములు, ముందు కుడి 775, వెనక ఎడమ 545, వెనక కుడి 575. మొత్తం 2,640. కుడి పక్క 60 గ్రాములు ఎక్కువ. బ్యాటరీని ఎడమకి జరిపితే తేడా 15కి దిగింది. తాబేలు రాయికి అది పట్టలేదు.

తర్వాత ముందు టైర్లను గోడకి ఆనించి థ్రాటిల్ ఇస్తూ స్లైడర్ల (బాడీ పక్కల అంచున ఉండే పట్టీలు) ఎత్తు స్కేలుతో కొలిచాం. ఊరికే నిలబడితే రెండు పక్కలా 78 ఎంఎం. థ్రాటిల్ ఇస్తే ఎడమ 87, కుడి 70. స్కేలు పట్టుకున్న మా తమ్ముడు, "అన్నా, ఇది కుంటుతోందిరా" అన్నాడు.

షాక్ అబ్జార్బర్లలో 30 వెయిట్ ఆయిల్ తీసి, ఇంకా చిక్కటి 60 పోశాను. ఒరగడం నెమ్మదించింది, కానీ చివరికి అదే 87. చిక్కటి ఆయిల్ ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. వెనక కుడి స్ప్రింగ్‌కి 3 ఎంఎం ప్రీలోడ్ పెంచితే (ముందే అంత నొక్కి బిగిస్తే) ఎక్కేటప్పుడు బాగుంది గానీ, ఖాళీగా నిలబెడితే ఎడమకి వంగింది. కుడి నుంచి ఎడమకి వాలిన బండ మీద ఇంకోవైపు పల్టీ. గట్టి స్ప్రింగులు వేస్తే 87 కాస్తా 82 అయింది, కానీ చిన్న రాయి ఎక్కినా ఒక చక్రం గాల్లో వేలాడింది. అదైతే క్రాలర్ కొనడమెందుకు?

అన్నిటికంటే సిగ్గుపడాల్సింది మోటార్ మీది చిన్న గేర్, పినియన్ సంగతి. 13 పళ్ళది తీసి 11 వేశాను, 35 టర్న్ మోటార్ తీసి, తీగ చుట్లు ఎక్కువై నెమ్మదిగా తిరిగే 55 టర్న్‌ది పెట్టాను. మెత్తగా నడిచింది, ఒరగడం అంతే. రాత్రి కాగితం మీద లెక్క వేస్తే గానీ బుర్రకెక్కలేదు. 40 డిగ్రీల వాలు మీద ఈ బండిని పైకి నెట్టాలంటే సుమారు 1.7 కేజీల తోపుడు కావాలి. టైర్ వ్యాసార్థం 5.7 సెంటీమీటర్లు, అంటే చక్రాల దగ్గర 9.7 కేజీ-సెంటీమీటర్లు. యాక్సిల్ లోపలి గేర్ల రేషియో 3.75, భాగిస్తే గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్స్‌కి వెళ్ళే షాఫ్టుల్లో దాదాపు 2.6. ఛాసిస్‌ని మెలిపెట్టేది ఈ 2.6నే. ఈ లెక్కలో మోటార్ ఎక్కడా లేదు, పినియన్ లేదు! షాఫ్ట్ తర్వాత, చక్రం దగ్గర గేర్ తగ్గితేనే మెలి తగ్గుతుంది. పోర్టల్ యాక్సిల్ హబ్‌లో చేసేది అదే. అక్కడ 2:1 ఉంటే 2.6 కాస్తా 1.3 అవుతుంది. నేను మాత్రం పోర్టల్ అంటే డిఫ్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా) కింద ఖాళీ పెరగడానికే అనుకున్నాను.

మరి ముందు ఎడమ చక్రమే ఎందుకు లేస్తుంది? నా ఊహ: ఎక్కేటప్పుడు బరువంతా వెనక యాక్సిల్ మీద ఉంటుంది కాబట్టి మెలిలో ఎక్కువ భాగం వెనక షాఫ్ట్‌దే. దాన్ని బాడీ నాలుగు స్ప్రింగులకీ పంచేస్తుంది, బరువు తగ్గిన ముందు భాగం దానికి బలవుతుంది. అదే నిజమైతే వెనక మాత్రమే స్వే బార్ (బాడీ పక్కకి ఒరగకుండా పట్టే కమ్మీ) పెట్టినా సగం నయమవ్వాలి.



ఆ స్వే బార్ చేద్దామని సైకిల్ షాపులో 2 ఎంఎం స్పోకులు నాలుగు తెచ్చాను. ఒకటి ముక్కు ప్లయర్‌తో వంచుతుంటే మూల దగ్గర విరిగింది. రెండోదాన్ని 6 ఎంఎం బోల్టు చుట్టూ వంచాను, నిలిచింది. చివర్లకి బాల్ ఎండ్లు (ఎటైనా తిరిగే గుండ్రటి కీళ్ళు) ఎలా బిగించాలో ఇంకా తేల్చుకోవాలి, ఎపాక్సీ మీద నాకు నమ్మకం లేదు. వచ్చే ఆదివారం వర్షం లేకపోతే మళ్ళీ తాబేలు రాయి దగ్గరికే. ఈలోగా పోర్టల్ యాక్సిల్స్ ధరలు చూస్తున్నాను, ఊరికే చూస్తున్నానని ఇంట్లో చెప్పాను.