నేల పైన 231, నేల కింద 214

రేడియేషన్ కిరణాలు తగిలినకొద్దీ లెక్కపెట్టే గైగర్ కౌంటర్ కొన్న మొదటి వారమంతా టెన్షనే. హైదరాబాద్‌లో ఓ రాతిగుట్ట మీద పెడితే ఒక నిమిషం 38, మరు నిమిషం 47, ఆ తర్వాత 33. మిషన్ పాడైందేమో అనుకున్నాను. పాడవలేదు, గామా కిరణాలు తగిలే తీరే అంత. పడిన కౌంట్ల వర్గమూలమంత అటూ ఇటూ ఊగడం మామూలే. వంద పడితే ఊగేది పది. అందుకని మీటరు ఎత్తు స్టాండు మీద పెట్టి, పది నిమిషాలకోసారి లెక్క చూడటం మొదలుపెట్టాను. గుట్ట మీద 402 వచ్చింది.

అందులో రాయి వాటా ఎంత? గ్రానైట్‌లోని యురేనియం, థోరియం, పొటాషియం ఒకవైపు, పైనుంచి పడే విశ్వకిరణాలు ఇంకోవైపు. మిషన్ తనకు తాను వేసుకునే కౌంట్లు కూడా కొన్ని ఉంటాయి. నేల వాటా తీసేయాలంటే నీళ్ల మీదికి వెళ్లాలి. రెండు మూడు మీటర్ల నీరు కిందినుంచి వచ్చే గామాను దాదాపు ఆపేస్తుంది. హుస్సేన్‌సాగర్‌లో బోటు మాట్లాడుకుని, బుద్ధ విగ్రహానికి బాగా దూరంగా (అదీ గ్రానైటే కదా) ఇంజన్ ఆపించాను. 148.

ఇక ఆకాశం వాటా. 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని చూపించాడు. మరి కిందికి దిగితే తగ్గాలి. ఆ ధీమాతోనే బెలుం గుహలకు వెళ్లాను.

గుహ పైన నేల మీద 231. సున్నపురాయి కాబట్టి గ్రానైట్ కన్నా తక్కువ. తర్వాత మెట్లు దిగి, గుహలో బాగా లోతున ఉండే పాతాళగంగ వైపు నడిచాను. ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, స్టాండు చేతిలోంచి జారుతోంది. వెనకే వచ్చిన గార్డు కాసేపు చూసి, "బంగారం చూపిస్తాదా సార్ ఇది?" అన్నాడు. "రాయిలోంచి వచ్చే కిరణాలు లెక్కపెడుతుందన్నా" అంటే నమ్మినట్టు లేదు. పది నిమిషాలూ అక్కడే నిలబడ్డాడు.

214! సగానికి పడిపోతుందనుకున్నది దాదాపు అలాగే ఉంది.

తప్పు నా లెక్కలోదే. పైన రాయి కాళ్ల కింద మాత్రమే ఉంటుంది. గుహలో నాలుగు గోడలూ, కప్పూ కూడా రాయే. రాయి వాటా 231 లోంచి 148 తీస్తే 83. చుట్టూ రాయి ఉంటే అది రెట్టింపై 166 అవుతుంది. విశ్వకిరణాలు తగ్గినంతా దాదాపు గోడలు పూడ్చేశాయి. గాలాడని చోట పేరుకునే రేడాన్ (రాళ్లలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) తాలూకు గామా కూడా కొంత కలిసే ఉంటుంది. గైగర్ కౌంటర్‌కు ఏది ఎక్కడిదో తెలియదు, అన్నీ దానికి ఒకే టిక్కు.

పైగా 231కీ 214కీ మధ్య తేడా 17, రెండూ కూడిన 445 వర్గమూలం, అంటే ఆ తేడాలో ఊగిసలాటే 21. మొండిగా రెండు చోట్లా అరగంట చొప్పున మళ్లీ లెక్కపెట్టాను. పైన 688, కింద 649. తేడా 39, ఊగిసలాట 37. మరోసారి దిగుదామంటే గుహ మూసే వేళయిందని గార్డు చెయ్యి ఊపాడు.