నైరుతి గదిలో జిమ్: ఇంటి పనితో పాటు ఎంతవరకు వచ్చిందంటే

డిసెంబరు

కడపలో మాది పాత ఇల్లు. ముందు గదులకు స్లాబు ఉంది. వెనక గదికి మాత్రం ఇనుప దూలాల మీద బండలు పరిచిన కప్పు. వానొస్తే కారుతుంది, ఎండొస్తే కాలుతుంది. దాన్ని కూల్చి కట్టాలని మామయ్య ఎప్పటినుంచో అంటున్నారు, ఈ ఏడాది ఖాయం చేశారు. నేను ఆ గది జిమ్‌కి ఇమ్మని అడిగాను. 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. బయట జిమ్‌లో ఆడవాళ్ల బ్యాచ్ పెట్టే టైముకి నేను ఆఫీసులో ఉంటాను. సాయంత్రం వెళ్తే రాక్, అంటే బరువులు తగిలించే పొడవాటి కడ్డీని (బార్) పెట్టుకునే ఇనుప చట్రం, ఖాళీగా దొరకదు.

మేడ మీద కొత్తగా గది వేసుకో, గాలి వస్తుంది అని అందరూ చెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఇళ్ల గదుల స్లాబులను మన దగ్గర చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు. అది మంచాలు, బీరువాలు, మనుషులు తిరిగే లెక్క. వంద కిలోల బార్ నడుము ఎత్తు నుంచి జారి పడితే ఆ దెబ్బ లెక్క వేరు. పైగా కింద మామయ్య మధ్యాహ్నం పడుకుంటారు. బరువులెత్తే పని నేల మీద గదిలోనే పెట్టుకోవాలని నా అభిప్రాయం. మేడ మీద యోగా చేసుకోవచ్చు, సైకిల్ తొక్కుకోవచ్చు.

ఈ వాదనలేవీ మామయ్య దగ్గర పనిచేయలేదు గానీ, గది నైరుతిలో ఉండడం పనిచేసింది. నైరుతి మూల బరువుండాలని ఆయన గట్టి నమ్మకం. "ఎంత బరువు పెడతావమ్మా?" అన్నారు. ప్లేట్లు (బార్‌కు తగిలించే గుండ్రటి బరువులు), రాక్, డంబెల్స్ అన్నీ కలిపి మూడు నాలుగు వందల కిలోలు ఉంటాయన్నాను. "అయితే పెట్టుకో" అన్నారు. అత్తమ్మ మాత్రం "మరి నా చెనిక్కాయ మూటలు యాడ పెట్టల్ల?" అని పట్టు పట్టింది. తలుపు ఉన్న గోడ వైపు రెండడుగుల సజ్జ వేయిద్దామని తేలింది. మిగతా గదికి సజ్జ వద్దన్నాను, ఎందుకంటే బార్ తలపైకి ఎత్తడానికి ఎత్తు కావాలి.

ఎత్తు లెక్క ఇలా కట్టాను. ఇంట్లో పొడుగు మా ఆయనే, 5 అడుగుల 10 అంగుళాలు. గోడకు ఆనుకుని నిలబెట్టి, పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తమని చాక్‌పీస్‌తో గీత పెట్టాను. ఏడడుగుల నాలుగంగుళాల దగ్గర వచ్చింది. పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే బార్ పైన ఇంకో 9 అంగుళాలు లేస్తుంది. కింద వేసే చెక్క, రబ్బరు ఇంకో రెండంగుళాల పైచిలుకు. ఇక్కడికే ఎనిమిదిన్నర అడుగులకు దగ్గరైంది. మునివేళ్ల మీద లేచినా తగలకూడదని, స్లాబు కింద 10 అడుగులు వదలమని మేస్త్రీకి చెప్పాం. పాత కప్పు ఎనిమిదిన్నరే ఉండేది. పుల్-అప్ (బార్‌కు వేలాడి ఒంటిని పైకి లాగే కసరత్తు) చేసేటప్పుడు తల బార్ దాటి పైకొస్తుందన్న సంగతి కూడా ఈ పదడుగుల్లో సర్దుకుంటుంది.

ఫిబ్రవరి

పుష్యమాసంలో పని ముట్టుకోనివ్వలేదు. మాఘం రాగానే కప్పు దించారు.

బేల్దారి మేస్త్రీ నేల చూడ్డానికి వచ్చి, కూర్చుని తాపీ పిడితో ఒక్కో బండనూ కొడుతూ పోయాడు. కొన్ని చోట్ల గట్టిగా టక్‌మంది, తూర్పు గోడ వారన మాత్రం డొల్ల శబ్దం. అక్కడ బండ లేపితే అడుగున ఇసుక జారిపోయి జానెడు ఖాళీ, గోడ పక్కగా చెదల మట్టి గీత ఒకటి పైదాకా పాకి ఉంది. కడప బండ గట్టిదే, కాదనను. కానీ అది పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. కింద ఆధారం సరిగా లేని చోట బరువు పడితే అంచు పెచ్చులూడుతుంది, లేదంటే నిలువునా చీలుతుంది. బండలన్నీ లేపేయమన్నాను. పారేయలేదు, పెరట్లో బట్టలుతికే చోట పరిపించాం. 

మా ఆయన నేలకు విట్రిఫైడ్ టైల్స్ వేద్దామన్నాడు. ఎలాగూ పైన రబ్బరు వస్తుంది, కనిపించని టైలుకు డబ్బెందుకు? అడుగున కాస్త డొల్ల ఉన్నా మొదటి దెబ్బకే పగులుతుంది కూడా. నేను రాయించుకున్నది ఇది: మట్టి తడిపి బాగా దిమ్మిస కొట్టడం, చెదల మందు పట్టించడం, ప్లాస్టిక్ పట్టా పరచడం, దాని మీద 4 అంగుళాల కాంక్రీటు, పైన నున్నటి సిమెంటు పూత, అంతే. కాంక్రీటుకు సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో. ఈ గదికి దాదాపు 51 ఘనపుటడుగులు వస్తుంది, సిమెంటు తొమ్మిది పది బస్తాలు. నేల చదును ముఖ్యం. ఒక మూల పావంగుళం దిగినా రాక్ ఊగుతుంది. ట్యూబులో నీళ్లు పోసి నాలుగు మూలలా మట్టం చూడమని పక్కనే నిలబడ్డాను.

మార్చి

స్లాబు పోశారు. ఎండలు అప్పుడే ముదిరాయి. పైన మట్టితో మడులు కట్టి నీళ్లు నింపారు, ఆ నీళ్లు సాయంత్రానికి సగం ఆవిరైపోయేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపే పని మామయ్య తీసుకున్నారు. ఆయన కంటే శ్రద్ధగా ఎవరూ చేసేవాళ్లు కాదు.

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో విలువైన రోజులు ఇవే. ఇనుప సామాను ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. స్లాబులో పైపులు, గోడలో వైర్లు, కిటికీ చోటు ఇప్పుడు పడకపోతే మళ్లీ గోడ పగలగొట్టాల్సిందే.

ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ స్లాబు నడిమధ్య ఫ్యాను బాక్సు గుర్తు పెట్టాడు. తీయించేశాను. తిరిగే రెక్కల కింద బార్ తలపైకి ఎత్తడం ప్రాణాలతో చెలగాటం. బదులుగా ఎదురెదురు గోడలకు ఏడడుగుల ఎత్తులో రెండు వాల్ ఫ్యాన్లకు పాయింట్లు. లైట్లు కూడా నడిమధ్య వద్దన్నాను. బెంచి మీద వెల్లకిలా పడుకుంటే సూటిగా కళ్లలో పడతాయి. రెండు పక్క గోడల పైన ట్యూబులు చాలు.

ఇంకా పెట్టించినవి: ట్రెడ్‌మిల్‌కి 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఒక ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే దానంతటదే ఆగిపోయే స్విచ్). ట్రెడ్‌మిల్ కొంటానని కాదు. రెండు హార్స్‌పవర్ మోటారంటేనే కిలోవాటున్నర లాగుతుంది, రేపు మామయ్యకు డాక్టరు నడవమంటే ఎక్స్‌టెన్షన్ బాక్సులతో తంటాలు పడలేను. ఏసీ ఇప్పుడు కొనే ఉద్దేశం లేదు, అయినా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, గోడలో రంధ్రం, నీళ్లు పోయే పైపు బయటికి వాలుగా వేయించి మూత పెట్టించాను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే స్విచ్, తప్పనిసరి. చెమట చేతులు, ఇనుము, కరెంటు ఒకే గదిలో ఉంటున్నాయి.

వేడి సంగతి. వాస్తు ప్రకారం నైరుతి మంచిదేమో గానీ, మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా ఎండంతా ఆ గోడల మీదే. మే నెలలో కడప ఎండ గురించి కడప వాళ్లకు చెప్పక్కర్లేదు. పడమటి గోడ తొమ్మిదంగుళాల ఇటుకతో కట్టించి, కిటికీ పెట్టలేదు. కప్పు దగ్గర మాత్రం 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యానుకు చోటు వదిలాం. వేడి గాలి పైకే కదా చేరేది, అక్కణ్నుంచే లాగేయాలి. దక్షిణం వైపు కిటికీ కొంచెం కిందికి పెట్టించాను, చల్లటి గాలి కింద నుంచి రావడానికి. స్లాబు పైన తెల్లటి కూలింగ్ టైల్స్.

కూలర్ పెట్టుకోమని చాలామంది చెప్పారు. మన పొడి ఎండకు కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నిజమే. కానీ అది చల్లదనంతో పాటు తేమనూ గదిలోకి తోస్తుంది. మూసిన గదిలో రాత్రంతా తేమ నిలిస్తే బార్ మీద గరుకు గీతల్లో తుప్పు మొదలవుతుంది. కూలర్ తప్పదనుకుంటే కిటికీ బయట పెట్టి, ఎగ్జాస్ట్ వేసి, అయ్యాక బార్‌ను పొడి గుడ్డతో తుడిచి కొంచెం మెషీన్ ఆయిల్ రాయాలి. మేము తెల్లారుజామునే చేసుకుంటాం, కూలర్ అక్కర్లేదు.

ఏప్రిల్

రాక్ ఆన్‌లైన్‌లో కొనలేదు. వెల్డింగ్ షాపులో చేయిస్తున్నాను. 60 × 60 మిల్లీమీటర్ల చదరపు పైపు, 3 మిల్లీమీటర్ల మందం. మీటరు అయిదు కిలోల పైనే తూగుతుంది, మొత్తం రాక్ తొంభై కిలోల చుట్టుపక్కల వస్తుంది. కిలో లెక్కన కూలీతో కలిపి మాట్లాడుకున్నాం. రేటు రాయడం లేదు, ఇనుము ధర వారం వారం మారుతోంది.

వెల్డింగ్ అతను మంచి పనివాడు, ఉదారుడు కూడా. "మేడం, ఇంకో అర్ధడుగు వెడల్పు పెంచుదాం, విశాలంగా ఉంటాది" అన్నాడు. అక్కడే ఆగమన్నాను. ఒలింపిక్ బార్ పొడవు 2.2 మీటర్లే అయినా, ప్లేట్లు ఎక్కే లావు భాగాల మధ్య ఉండేది 131 సెంటీమీటర్లు. రాక్ బయటి వెడల్పు దానికంటే తగ్గాలి, లేకపోతే బార్ కొక్కేల మీద కూర్చోదు. బయటి కొలత 120 పెట్టించాను, ప్లేట్లు ఎక్కించేటప్పుడు వేళ్లు నలగకుండా రెండు వైపులా అయిదేసి సెంటీమీటర్లు మిగులుతుంది. స్తంభాలకు రంధ్రాలు ప్రతి 5 సెంటీమీటర్లకు ఒకటి, గ్యాస్ కటింగ్‌తో కాదు, డ్రిల్లుతో. గ్యాస్‌తో కోస్తే అంచులు వంకరపోయి పిన్ను బిగుసుకుంటుంది. పిన్నులకు 16 మిల్లీమీటర్ల గట్టి కడ్డీ. అన్నింటికంటే ముఖ్యమైనవి అడ్డంగా వచ్చే సేఫ్టీ కడ్డీలు. ఒంటరిగా బెంచి మీద పడుకుని బార్ ఎత్తేవాళ్లు వాటిని ఛాతీకి వేలెడు కింద పెట్టుకుంటే, బార్ లేవకపోయినా గొంతు మీదికి రాదు. అవి వద్దులే, పైపు మిగులుతుంది అని ఎవరైనా అంటే ఆ షాపు మార్చేయండి.

కొక్కేల లోపల బార్ గీసుకుపోకుండా పాత కన్వేయర్ బెల్టు ముక్కలు బిగించాం. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లా కాబట్టి పాత ఇనుము కొట్టులో అడిగితే దొరికాయి.

బార్లు రెండు. మా ఆయనకు 20 కిలోలది, నాకు 15 కిలోలది. 15 కిలోల బార్ పట్టుకునే చోట 25 మిల్లీమీటర్లే, నా చేతికి సరిగ్గా అమరుతుంది. ప్లేట్లు ఎక్కే చోట రెంటికీ 50 మిల్లీమీటర్లు కాబట్టి ఒకే ప్లేట్లు సరిపోతాయి. "ఆడదానికి వేరే కడ్డీ చేస్తారా?" అని అత్తమ్మ ఆశ్చర్యపోయింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిందని, ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఈ పోటీ పెట్టిందే ఆ ఏడాది అని చెప్పాను. "శ్రీకాకుళం పిల్ల కదా, నాకు తెలుసులే" అంది.

మే

ప్లాట్‌ఫాం, అంటే బరువులెత్తేటప్పుడు నిలబడే చెక్క వేదిక, అయింది. 8 × 8 అడుగులు. అడుగున 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు షీట్లు నిలువుగా, వాటి మీద రెండు అడ్డంగా. అతుకు మీద అతుకు రాకూడదు. పైన నడుమ నాలుగడుగులు నిలబడడానికి ప్లై, అటూ ఇటూ ప్లేట్లు దిగే చోట 20 మిల్లీమీటర్ల రబ్బరు. అడుగు పొర మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, చెదలను కళ్లారా చూశాక అక్కడ పొదుపు చేయబుద్ధి కాలేదు. రాక్‌ను నేలకు కాదు, ఈ చెక్కకే బోల్టులతో బిగిస్తాం.

మిగతా గదికి అరమీటరు రబ్బరు పలకలు. ఒక్కోటి నాలుగైదు కిలోలుంటుంది. వాసన మాత్రం భరించలేం. మేడ మీద ఎండలో పరిచి ఉంచాం, మన ఎండ పనికొచ్చిన ఒకే ఒక్క సందర్భం ఇది.

అద్దం 6 మిల్లీమీటర్లది, వెనక ఫిల్మ్ అతికించినది, నేల నుంచి 20 అంగుళాలు వదిలి పెట్టించాం. గోడకు ఆనించిన ప్లేటు ఎత్తు 18 అంగుళాలు, దొర్లినా అద్దానికి తగలదు.

రాక్ ఇంకా షాపులోనే ఉంది, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టారు, నల్ల రంగు మిగిలింది. బార్లు, ప్లేట్లు లారీ ట్రాన్స్‌పోర్టులో వేశారట. 2.2 మీటర్ల బార్ మామూలు ఆటోలో పట్టదు, లగేజీ ఆటో అతనికి చెప్పి ఉంచాను. సజ్జ మీద చెనిక్కాయ మూటలు మాత్రం అప్పుడే ఎక్కేశాయి.