దిద్దుబాటు మీద దిద్దుబాట్లు

ఈ వారం మా తొమ్మిదో తరగతి పిల్లలతో గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ చదివించాను. 1910లో అచ్చయిన ఆ కథలో, సానివాళ్ల పాట వినడానికి వెళ్లి రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చే భర్త గోపాలరావుకు కమలిని రాసిపెట్టిన ఉత్తరానికి, అతని తరఫున జవాబును నలుగురేసి పిల్లలు ఒకే గూగుల్ డాక్‌లో కలిసి రాయాలని చెప్పాను. చాలామందికి ఇంట్లో అమ్మ ఫోనే దిక్కు కనుక గడువు రాత్రి తొమ్మిది దాకా పెట్టాను.

మొదటి రోజు ఒకరు రాసింది మరొకరు చెరిపేసి గొడవపడ్డారు. చెరిపే ముందు పక్కన కారణం రాయాలన్న నియమం పెట్టాక అసలు చర్చ మొదలైంది. ఒక జట్టు ‘క్షమించు’ అన్న మాటను ఏడుసార్లు మార్చింది. చేసిన తప్పేమిటో చెప్పకుండా క్షమాపణ ఎలా అడుగుతాడని ఒక అమ్మాయి రాసిన కామెంట్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని భీమిలి అబ్బాయి, నౌకరు రాముడి మాటలను తన నాయనమ్మ మాట్లాడే తీరుతో పోల్చి మిగతావారికి విడమరచి చెప్పాడు. ఇది నిజంగా నేను ఊహించలేదు.

మార్కులు వేయడానికి తుది ప్రతి ఒక్కటే చాలదనిపించి, ఎవరు ఏ వాక్యం ఎప్పుడు మార్చారో వెర్షన్ హిస్టరీలో చూశాను. అందులో ఒక్క అక్షరమూ రాయని ఇద్దరు తేలారు. రేపు వారితో విడిగా కూర్చుంటాను.