కోణం ఎంత?

మా బ్యాచ్‌లో ఆయన్ని ఎవరం పేరుతో చెప్పుకునేవాళ్లం కాదు. "కోణం సార్ వచ్చారా?" అంటే చాలు, అందరికీ అర్థమయ్యేది. ఎవరు ఏ కాంప్లెక్స్ (లోహ అయాన్ చుట్టూ వేరే అణువులు చేరిన పదార్థం) తయారుచేసి తీసుకెళ్లినా, అది ఎంత అందమైన రంగులో మెరుస్తున్నా, సార్ అడిగే మొదటి మాట ఒకటే: "కోణం ఎంత?" రెండు లోహ అయాన్ల మధ్య వంతెనలా నిలబడ్డ ఆక్సిజన్ దగ్గరి కోణం అన్నమాట. అది ఆయన ఊతపదం అనుకుని నవ్వుకున్నాం గానీ, ఆయన రీసెర్చ్ అంతా దాని చుట్టూనే తిరిగిందని మాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ముందు నా దొంగలెక్క సంగతి చెప్పేస్తాను.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో పదార్థాల అయస్కాంతత్వం కొలిచే గూయ్ బ్యాలెన్స్ ప్రయోగం ఉండేది. పదార్థాన్ని మెత్తగా నూరి, సన్నటి గాజు ట్యూబులో గీత దాకా నింపి, బ్యాలెన్స్‌కి వేలాడదీయాలి. ట్యూబు అడుగు విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్యకి వచ్చేలా చూసుకుని, కరెంటు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి తూచాలి. జంట లేని ఎలక్ట్రాన్లు ఉన్న పదార్థాన్ని అయస్కాంతం లోపలికి లాక్కుంటుంది కాబట్టి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. ఖాళీ ట్యూబు మాత్రం కాస్త తేలికవుతుంది, గాజు డయామాగ్నెటిక్, అంటే అయస్కాంతం బయటికి నెట్టే రకం కదా. ఆ సంగతి తట్టక, మొదటిరోజు బ్యాలెన్స్ పాడైందని అటెండర్‌ని పిలుచుకొచ్చాను.

ఇందులో అసలు విద్యంతా పొడి నింపడంలోనే ఉంది. ఒకేసారి గుమ్మరిస్తే మధ్యలో ఖాళీలు ఉండిపోతాయి. చిటికెడు పోసి, ట్యూబు అడుగుని చెక్క మీద మెల్లగా తట్టి, మళ్లీ చిటికెడు పోయాలి. ఫ్యాన్ ఆపేయాలి, తలుపు మూసేయాలి, బ్యాలెన్స్ దగ్గర ఊపిరి కూడా చూసి పీల్చాలి. ముందుగా మెర్క్యురీ కోబాల్ట్ థయోసయనేట్ అనే నీలం పొడితో పరికరాన్ని సరిచూసుకుంటాం. దాని ససెప్టిబిలిటీ, అంటే అయస్కాంతానికి లొంగే గుణం, గ్రాముకి 16.44 × 10⁻⁶. ఇన్నేళ్లయినా ఫోన్ నంబర్లు మర్చిపోతున్నాను గానీ ఆ అంకె మాత్రం మర్చిపోలేదు.

కాపర్ సల్ఫేట్‌కి 1.9 బోర్ మాగ్నెటాన్లు (అయాన్ అయస్కాంతత్వానికి యూనిట్) వచ్చింది. బాగానే ఉంది. కాపర్ అసిటేట్‌కి 1.41 వచ్చింది. రెండు-ప్లస్ కాపర్‌లో జంట లేని ఎలక్ట్రాన్ ఒకటే. ఫార్ములా ప్రకారం ఒక్క ఎలక్ట్రాన్‌కి 1.73 రావాలి, అంతకంటే కొంచెం ఎక్కువ రావచ్చు, తగ్గడం ఏమిటి? మళ్లీ నింపి మళ్లీ తూచాం. అదే 1.41. మర్నాడే వైవా. టెన్షన్‌లో నేనూ నా పార్ట్‌నరూ ఒక తెలివైన పని చేశాం. 0.9 గ్రాములున్న పొడి బరువుని రికార్డులో 0.55 అని రాశాం. లెక్క కట్టితే చక్కగా 1.8 వచ్చింది.

సార్ రికార్డు తిప్పుతూ ఆ పేజీ దగ్గర ఆగారు.

"సల్ఫేట్ కూడా ఈ మూడో నంబర్ ట్యూబులోనే చేశారా?"

"అవును సార్."

"గీత దాకానే నింపారా?"

"అవును సార్."

"మరి దానికి గ్రాము పైన పట్టింది, దీనికి సగం చాలిందేమ్మా? అడుగున దూది పెట్టారా?"

నా పార్ట్‌నర్ ఫక్కున నవ్వేసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "అసలెంత వచ్చింది?" అన్నారు. చెప్పాను. తిడతారనుకుంటే, "నయం, మంచి అంకె పారేశారు" అంటూ చాక్‌పీస్ తీసుకున్నారు.

ఆ రోజు బోర్డు మీద చెప్పిన కథ ఇది. 1952లో బ్లీనీ, బోవర్స్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు కాపర్ అసిటేట్ స్ఫటికాల ఈపీఆర్ స్పెక్ట్రం (జంట లేని ఎలక్ట్రాన్లని పట్టి చూపే పద్ధతి) చూశారు. అది మామూలు కాపర్ అయాన్‌దిలా లేదు. రెండు ఎలక్ట్రాన్లు కలిసి స్పిన్ (ఎలక్ట్రాన్ల సొంత అయస్కాంతత్వపు లెక్క) 1 ఉన్న అయాన్‌దిలా ఉంది. పైగా చల్లబరిచేకొద్దీ సిగ్నల్ బలపడాల్సింది పోయి మాయమైపోతోంది. దీన్నిబట్టి కాపర్లు జంటలుగా ఉండాలని, వాటి ఎలక్ట్రాన్లు ఎదురెదురు దిశల్లో సర్దుకుని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయని వాళ్లు తేల్చారు. అప్పటికి ఆ స్ఫటిక నిర్మాణం ఎవరికీ తెలీదు. మరుసటి ఏడాది వాన్ నీకెర్క్, షోనింగ్ ఎక్స్-రేలతో చూస్తే, నాలుగు అసిటేట్లు నాలుగు వైపులా పట్టుకున్న జంట కాపర్లు నిజంగానే కనిపించాయి. రెంటి మధ్య దూరం సుమారు 2.6 ఆంగ్‌స్ట్రామ్‌లు. కాపర్ లోహంలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 2.56. అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి నేరుగా బంధం ఉందేమోనని చాలాకాలం వాదించుకున్నారు. చివరికి సంబంధం నడిచేది ప్రధానంగా అసిటేట్ల మీదుగానే అని తేలింది.

"తూచిన అంకె, గీసిన బొమ్మ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే రెంటిలో ఒకదాన్ని మనం సరిగ్గా చూడలేదు" అన్నారు. రికార్డులో 0.55 కొట్టేసి 0.9 రాయించి, దాని కిందే మా చేత ఆ జంట బొమ్మ గీయించారు.

ఆ తర్వాత ఆయన దగ్గరే పీహెచ్‌డీకి చేరాను. సార్ మొదట్లో నికెల్ మీద పని చేశారట. ఒకే నికెల్ చదరంగా కూర్చుంటే డయామాగ్నెటిక్, టెట్రాహెడ్రల్‌గా (నాలుగు మూలల పిరమిడ్‌లా) కూర్చుంటే పారామాగ్నెటిక్, అంటే అయస్కాంతం లాక్కునే రకం. డైమీథైల్ గ్లయాక్సిమ్‌తో వచ్చే ఎర్రటి అవక్షేపం మొదటి రకం. ఆ పని గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు, నేనూ ఎక్కువ రాయను. ఆయన మనసంతా జంట కాపర్ల మీదే.

1976లో హాట్‌ఫీల్డ్, హాడ్జ్‌సన్ బృందం ఒక గ్రాఫ్ వేసింది. రెండు కాపర్ల మధ్య రెండు హైడ్రాక్సైడ్లు వంతెనలుగా ఉన్న కాంప్లెక్సులని తీసుకుని, ఒక అక్షం మీద కాపర్-ఆక్సిజన్-కాపర్ కోణం, ఇంకో అక్షం మీద ఎలక్ట్రాన్ల మధ్య బలం పెట్టారు. చుక్కలన్నీ దాదాపు సరళరేఖ మీద పడ్డాయి. కోణం 97.5 డిగ్రీలకి తక్కువైతే ఎలక్ట్రాన్లు ఒకే దిశలో నిలబడతాయి, ఎక్కువైతే ఎదురు తిరుగుతాయి. ఒక్క డిగ్రీ పెరిగితే 74 వేవ్‌నంబర్ల (ఆ బలాన్ని కొలిచే యూనిట్) మార్పు! సార్ గదిలో ఆ గ్రాఫ్ ట్రేసింగ్ పేపర్ మీద గీసి గోడకి అంటించి ఉండేది. మేం చేసిన ప్రతి కాంప్లెక్సుకీ దాని మీద పెన్సిల్‌తో ఒక చుక్క పడేది.

నా మూడో కాంప్లెక్స్ ఆ రేఖకి అస్సలు లొంగలేదు. కోణం 102. రేఖ ప్రకారం ఆ బలం మైనస్ 300 దాటాలి (మైనస్ అంటే ఎలక్ట్రాన్లు ఎదురు తిరిగినట్టు). మాకు మైనస్ వంద కూడా రాలేదు. నేను వెంటనే శాంపిల్‌లో మలినం ఉందన్నాను. కాపర్ పనిలో అదో సులువైన సాకు. మోనోమర్, అంటే జంట కాని ఒంటి కాపర్, కాస్త కలిసినా చల్లబరిచినప్పుడు గ్రాఫులో ససెప్టిబిలిటీ తోక పైకి లేస్తుంది. సార్ ఒప్పుకోలేదు. "నీ తోక చిన్నదే. స్ఫటికం మళ్లీ చూడు" అన్నారు.

మళ్లీ పెంచాను. మైక్రోస్కోప్ కింద పోలరాయిడ్ల మధ్య పెట్టి తిప్పుతుంటే మంచి స్ఫటికం మొత్తం ఒక్కసారిగా నల్లబడాలి. సగం నల్లబడి సగం మెరిస్తే అది ట్విన్, అంటే రెండు స్ఫటికాలు అతుక్కున్నది, పనికిరాదు. మధ్యాహ్నమంతా ఏరితే ఒక్కటి దొరికింది. గాజుపోగు కొసన జిగురుతో అంటించేటప్పుడు నా చెయ్యి వణుకుతుంటే, సార్ వచ్చి మోచేతి కింద ఒక పుస్తకం పెట్టి వెళ్లారు. నిర్మాణం వచ్చాక చూస్తే కోణం అదే 102, కానీ ఆ కాపర్-ఆక్సిజన్ చదరం చదునుగా లేదు. సగం తెరిచిన పుస్తకంలా మడతపడి ఉంది. మడత పడితే వంతెన మీదుగా నడిచే సంబంధం బలహీనపడుతుంది. గోడ మీది గ్రాఫులో నా చుక్క రేఖకి దూరంగానే ఉండిపోయింది. సార్ దాని పక్కన చిన్న గుడిసె కప్పు బొమ్మ వేశారు.

గొప్పవాళ్ల పేర్లు చెప్పి భయపెట్టే అలవాటు ఆయనకి లేదు. భౌతిక శాస్త్రవేత్త కె.ఎస్. కృష్ణన్ గురించి మాత్రం చెప్పకుండా ఉండలేకపోయేవారు. 1930ల్లో స్ఫటికాన్ని సన్నటి క్వార్ట్జ్ పోగుకి వేలాడదీసి, అయస్కాంత క్షేత్రంలో అది తిరిగే తీరుని బట్టి ఏ దిశలో ఎంత అయస్కాంతత్వం ఉందో కొలిచిన మనిషి ఆయన. "పోగు ఒక్కటి చాలింది ఆయనకి. మీకు స్క్విడ్ కావాలి" అని, అయస్కాంతత్వం కొలిచే ఖరీదైన కొత్త యంత్రం పేరెత్తి ఎత్తిపొడిచేవారు. ఈ ఒక్క విషయంలో సార్ మాకు కాస్త అన్యాయం చేశారని ఇప్పటికీ నా ఫిర్యాదు.

పన్నెండు మాంగనీసులున్న మాంగనీస్-12 అనే కాంప్లెక్స్ సంగతి 1993లో వచ్చింది. దాని స్ఫటిక నిర్మాణం 1980లోనే లిస్ తేల్చినా, బాగా చల్లబరిస్తే ఒక్కొక్క అణువే బుల్లి అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని అప్పుడే తెలిసింది. సార్ క్లాసులో లెక్క వేసి చూపించారట. మూడు-ప్లస్ మాంగనీసులు ఎనిమిది, ఒక్కొక్కదానికి స్పిన్ 2. నాలుగు-ప్లస్‌వి నాలుగు, ఒక్కొక్కదానికి ఒకటిన్నర, ఎదురు దిశలో. పదహారులోంచి ఆరు తీసేస్తే పది. "పదమూడేళ్లు బొమ్మ ముందే ఉంది, తూచినవాడు లేడు" అన్నారట.

2018లో డిస్ప్రోసియం మెటల్లోసీన్ (రెండు కార్బన్ రింగుల మధ్య లోహ అయాన్ ఉన్న కాంప్లెక్స్) ఒకటి 80 కెల్విన్ దాకా అయస్కాంత జ్ఞాపకం నిలుపుకుందని వార్త వచ్చినప్పుడు ఆయనకి ఫోన్ చేశాను. ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్ దాటిన మొదటి సింగిల్ మాలిక్యూల్ మాగ్నెట్, అంటే ఒంటి అణువు అయస్కాంతం, అది. అప్పటికి సార్‌కి వినికిడి బాగా తగ్గింది, గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. అంతా విన్నారు. కాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"రెండు రింగుల మధ్య కోణం ఎంత?"

"162 సార్."

"180 కాదా? ఇంకా వంగే ఉందన్నమాట," అన్నారు, ఎవరో పని సగంలో వదిలేసినట్టు.