ఒడ్డుకు చేరిన తరువాత

గురువారం, రాత్రి పదకొండు.

ఉదయం ఎనిమిదింటికల్లా అమ్మాయిని హేవర్డ్‌లోని షబో కళాశాల దగ్గర దింపాను. ఈ వేసవిలో అక్కడ గణితం చదువుతోంది. నాన్న కూడా మాతో వచ్చారు. కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్‌కు వచ్చిన ఈ మూడు వారాల్లోనూ నేను కారు తాళాలు చేతిలోకి తీసుకుంటే చాలు, ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంటారు. కారు దిగుతూ అమ్మాయి, "తాతయ్యా, టామ్ హ్యాంక్స్ చదివింది ఇక్కడే" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

"ఎవరమ్మా ఆయన?" అన్నారు నాన్న.

"లాల్‌సింగ్ చడ్డా చూశారు కదా, మన నాగచైతన్య ఉన్న సినిమా. దాని మాతృక ఫారెస్ట్ గంప్‌లో కథానాయకుడు ఈయనే" అన్నాను. నాన్న తల ఊపి కిటికీలోంచి ఆ భవనాల వైపు చూశారు. వేరే కళాశాలల ఫీజు కట్టే స్తోమత లేక ఈ కళాశాలలో చేరాననీ, తన జీవితానికి దారి ఇక్కడే దొరికిందనీ 2015లో హ్యాంక్స్ ఒక వ్యాసంలో రాశాడు. అది చదివినప్పటి నుంచి ఈ దారిలో వెళ్లిన ప్రతిసారీ ఆ భవనాలను ఒకసారి చూడనిదే ముందుకు పోలేను. పక్కనే ఉన్న కాంకర్డ్‌లో పుట్టి, ఓక్లాండ్‌లో పెరిగిన మనిషి కాబట్టి, మా ప్రాంతం వాడే అనిపిస్తాడు.

పగలంతా మామూలే. బట్టలు ఉతికాను, ఆఫీసు పని చేసుకున్నాను, మధ్యాహ్నం పెసలు రుబ్బి పెట్టాను.

సాయంత్రం పని మీద తమ్ముడు శాక్రమెంటో నుంచి వచ్చాడు. పెనం మీద మొదటి పెసరట్టు పడేసరికి వాదన మొదలైంది. ఉదయం తాతయ్యతో అన్న మాట అమ్మాయి మళ్లీ ఎత్తింది, హ్యాంక్స్ సినిమాల్లో అన్నిటికన్నా గొప్పది ఏదని మా వారు అడిగారు. ఫారెస్ట్ గంప్ అని జవాబు కూడా ఆయనే చెప్పారు. 1993లో ఫిలడెల్ఫియా, 1994లో ఫారెస్ట్ గంప్, రెండింటికీ ఉత్తమ నటుడిగా ఆస్కార్. అలా వరుసగా రెండేళ్లు గెలిచిన నటుడు అంతకుముందు స్పెన్సర్ ట్రేసీ ఒక్కడే, అదీ 1937, 1938 నాటి మాట. ఇంతకన్నా రుజువు ఏం కావాలన్నది ఆయన వాదన.

"బహుమతి వేరు, నటన వేరు బావగారూ" అన్నాడు తమ్ముడు. వాడికి 1998లో వచ్చిన యుద్ధం సినిమా సేవింగ్ ప్రైవేట్ ర్యాన్ ప్రాణం. అందులో హ్యాంక్స్ వేసిన కెప్టెన్ యుద్ధానికి ముందు ఏం చేసేవాడో కనిపెట్టాలని సైనికులంతా పందెం కాస్తారు. తీరా వాళ్లలో వాళ్లే తుపాకులు ఎత్తుకునేదాకా వచ్చినప్పుడు, తాను బడిపంతులునని ఆయన మెల్లగా చెబుతాడు. ఆ ఒక్క మాటకు అందరూ చల్లబడతారు. వణికే చేతిని దాచుకునే ఆ మనిషిని తమ్ముడు వర్ణిస్తుంటే నా చేతిలో అట్లకాడ ఆగిపోయి అట్టు ఒక వైపు మాడింది. ఆ ఏడాది ఆస్కార్ ఆయనకు రాలేదని వాడికి ఇప్పటికీ బాధ.

అమ్మాయి మాత్రం హ్యాంక్స్ ఒక బొమ్మకు గొంతిచ్చిన యానిమేషన్ సినిమా టాయ్ స్టోరీ దగ్గర నుంచి కదలలేదు. కంఠం కూడా నటనే, ముఖం కనబడకుండా ఏడిపించడం ఇంకా కష్టం అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, నిజమే చెప్పింది.

నా మాట నేనూ చెప్పాను. 2000లో వచ్చిన కాస్ట్ అవే. విమానం కూలి, దీవిలో ఒంటరిగా మిగిలిపోయిన మనిషి కథ. హ్యాంక్స్ సన్నబడి, జుట్టూ గడ్డమూ పెరగడానికి దాదాపు ఏడాది పాటు చిత్రీకరణ ఆపిన సినిమా అది. దీవిలో ఉన్నంతసేపూ నేపథ్య సంగీతమే వినిపించదు, గాలీ అలలూ తప్ప. వాలీబాల్‌తో మాట్లాడే సన్నివేశాలను అందరూ మెచ్చుకుంటారు. నాకు ఆ సినిమా అతను తిరిగి వచ్చాకే మొదలవుతుంది. విందు ముగిసి అందరూ వెళ్లిపోయాక బల్ల మీద మిగిలిన పీతల కాళ్లలో ఒకటి తీసి చూస్తాడు. దీవిలో నిప్పు కోసం అరచేతులు చీరుకుపోయిన మనిషి, లైటరు నొక్కగానే వచ్చే మంటను చూస్తూ నిలబడతాడు. పరుపు ఉన్నా నేల మీదే పడుకుంటాడు. ఒక్క మాట లేదు. ఆపద గడిచాక మనిషి ఇంకా ఆపదలోనే ఉంటాడని ఇంత స్పష్టంగా చూపించిన నటుడు నాకు మరొకరు తెలియదు.

"అయితే అక్కా, నువ్వు చెప్పాల్సింది కెప్టెన్ ఫిలిప్స్" అని తమ్ముడు టీవీ పెట్టి చివరి పది నిమిషాలు చూపించాడు. 2013లో వచ్చిన సినిమా. 2009లో సోమాలియా తీరానికి దూరంగా సముద్రపు దొంగలకు చిక్కిన అమెరికా ఓడ కెప్టెన్ కథ. విడిపించి తెచ్చాక వైద్యసహాయకురాలు ఎక్కడ నొప్పి అని అడుగుతుంది, అతనికి మాట పెగలదు. వణుకుతూ ఏడుస్తాడు. ఆ సహాయకురాలు నటి కాదు, నిజంగానే నౌకాదళంలో ఆ ఉద్యోగం చేసే ఆమె. ముందుగా రాసుకోని సన్నివేశమట. ఇంత చేసినా ఆ ఏడాది హ్యాంక్స్‌కు ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. దాన్ని నేను అన్యాయమనే అంటాను.

నాన్నకు ఇంగ్లీషు అంతగా రాదు. చేతిలో పళ్లెం అలాగే పట్టుకుని చూశారు. అయిపోయాక అన్నారు: "ఆ అమ్మాయి మెత్తగా అడిగింది కదమ్మా, అందుకే ఏడ్చాడు. గట్టిగా అడిగి ఉంటే జవాబు చెప్పేవాడు."

ఎవరమూ మాట్లాడలేదు. ఆయనే మళ్లీ అందుకున్నారు. 1977 నవంబరు ఉప్పెన గురించి మా చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. నాగాయలంక దగ్గర మా ఊరు, తాటిచెట్టంత ఎత్తున వచ్చిన నీళ్లు, రాత్రంతా పట్టుకుని ఉన్న తుమ్మచెట్టు, ముళ్లు దిగిన చేతులు, అన్నీ మాకు తెలుసు. ఆ కథ ఎప్పుడూ నీళ్లు తగ్గి, ఆయన చెట్టు దిగడంతో ముగిసేది. అవనిగడ్డ శిబిరంలో విస్తరి వేస్తూ ఒక పెద్దావిడ "నీ పేరేమిటి నాయనా" అని అడిగిందనీ, తన పేరు తనకు గుర్తు రాలేదనీ ఇవాళే చెప్పారు. అన్నం చల్లారిపోయేదాకా ఆవిడ పక్కనే కూర్చుందట. ఆవిడ పేరు తాను అడగలేదని రెండుసార్లు అన్నారు.

తమ్ముడు టీవీ ఆపేశాడు. నాన్న ఇంకొక అట్టు వేయమన్నారు, అల్లం కాస్త ఎక్కువగా. వేశాను.

తమ్ముడు వెళ్లేటప్పుడు కూడా ర్యాన్ దగ్గరే ఉన్నాడు, మా వారు గంప్ దగ్గరే. రేపు రాత్రి నాన్నతో కూర్చుని కాస్ట్ అవే మొదటి నుంచీ చూడాలి. మాటలు తక్కువ కాబట్టి ఆయనకు ఇబ్బంది ఉండదు. దీవిలో తుపాను వచ్చే చోట మాత్రం నేను పక్కనే ఉంటాను.